స్క్రీన్ మీద అంకె కదలట్లేదు, ఒకసారి చూడండి: నీళ్లు, డ్రైనేజీ, కరెంటు, గ్యాస్ సంస్థల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నీళ్లు, డ్రైనేజీ, కరెంటు, గ్యాస్ సప్లై చూసే సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే పెద్దలందరికీ నమస్కారం. నేను టెలిమెట్రీ టెక్నీషియన్‌ని. ఇరవై రెండేళ్లుగా నా పని ఒకటే, ట్యాంకుల దగ్గర, పంప్ హౌసుల్లో, సబ్‌స్టేషన్లలో, వాల్వ్ చాంబర్ల పక్కన పెట్టిన రేడియోలు కంట్రోల్ రూమ్‌తో మాట్లాడుతున్నాయా లేదా చూడటం, మాట్లాడకపోతే వెళ్లి మాట్లాడించడం. ఈ రేడియోలు పాతబడి ఆగిపోతున్నా కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద అంతా బాగున్నట్టే కనపడుతోంది. ఈ విషయం మీద ఇప్పటికి మూడుసార్లు పైకి రాశాను. మొదటిదానికి "పరిశీలనలో ఉంది" అని జవాబొచ్చింది. రెండోదానికి అదే జవాబు తేదీ మార్చి వచ్చింది. మూడోదానికి అదీ లేదు. అందుకే అందరికీ కనపడేలా రాస్తున్నా. ఏ సంస్థ అనేది చెప్పను, ఎవర్నో రోడ్డున పెట్టడం నా ఉద్దేశం కాదు, పైగా ఈ లైన్‌లో ఉన్నవాళ్లతో ఎక్కడ మాట్లాడినా ఇదే కథ చెప్తారు.

ఈ పని తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ట్యాంకు దగ్గర ఒక పెట్టె ఉంటుంది, దాన్ని ఆర్టీయూ అంటాం. ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయి, పంపు నడుస్తోందా, ప్రెషర్ ఎంత అనేది అది తెలుసుకుంటుంది. దాని పక్కన ఒక రేడియో, ఒక బ్యాటరీ, పైన పోల్ మీద యాగీ యాంటెన్నా, అంటే ఒకే దిక్కుకి గురిపెట్టే యాంటెన్నా. కంట్రోల్ రూమ్‌లో ఉన్న మాస్టర్ అనే మెషిన్ ఒక్కో స్టేషన్‌ని వరసగా పిలుస్తుంది, "నీ సంగతేంటి?" అని, అది జవాబు చెప్తుంది, తర్వాత ఇంకో స్టేషన్. దీన్నే పోలింగ్ అంటాం. పాత సిస్టమ్స్‌లో ఈ మాటలన్నీ సెకనుకి 1200 బిట్ల స్పీడ్‌లో నడుస్తాయి, ఇప్పుడు మీ ఫోన్‌లో ఒక ఫోటో తెరుచుకునేంత డేటా దాంట్లో రావాలంటే గంటలు పడుతుంది. కానీ ట్యాంకు లెవెల్ చెప్పడానికి అది చాలు, ఏళ్ల తరబడి చాలింది కూడా. నేను పాతదాన్ని తిట్టట్లేదు, ఇది ముందే చెప్తున్నా. ఆ రేడియోలు గట్టివి. వాటిని చూసుకునేవాళ్లు లేకపోవడమే నా గొడవ.

ఇప్పుడు అసలు సంగతి. ఒక రాత్రి కంట్రోల్ రూమ్ నుంచి ఫోనొచ్చింది, "అన్నా, ఆ ట్యాంకు లెవెల్ అస్సలు కదలట్లేదన్నా, సాయంత్రం నుంచి 4.2 మీటర్లే చూపిస్తోంది" అని. ఆ కుర్రాడు ఉద్యోగంలో చేరి నెలలే అయింది, కానీ వాడికి అనుమానం వచ్చింది, ఎందుకంటే నీళ్లు వాడుతున్న ట్యాంకులో లెవెల్ ఎప్పుడూ నిలకడగా ఉండదు, ఒక సెంటీమీటరైనా అటూ ఇటూ ఆడుతుంది. నేను వెళ్లి చూసేసరికి రేడియో చచ్చిపోయి ఉంది, ట్యాంకు అడుగు కనపడుతోంది. స్క్రీన్ మాత్రం ఆఖరుసారి విన్న అంకెని పట్టుకుని అలాగే కూర్చుంది, పచ్చ రంగులో, అంతా బాగానే ఉన్నట్టు. అలారం రాలేదా అంటారా? వచ్చేది, ఒకప్పుడు. కమ్యూనికేషన్ పోయిందని రాత్రికి వందసార్లు మోగుతుంటే ఎవరో విసుగెత్తి ఆ అలారాన్నే ఆపేశారు. ఎవరు ఆపారో, ఎప్పుడు ఆపారో ఎక్కడా రాసిలేదు. నేను ఆ ఆపరేటర్లని తప్పు పట్టను, వందసార్లు అబద్ధం చెప్పిన అలారాన్ని ఎవరు వింటారు.

నా లేఖంతా ఈ ఒక్క దాని మీదే. రేడియో పాతబడితే డేటా రాదు, అంతవరకే అయితే ఫర్వాలేదు, రానిది వచ్చినట్టే కనపడుతుంది. ఏమీ కనపడకపోతే మనిషి లేచి వెళ్లి చూస్తాడు, తప్పుది కనపడితే కుర్చీలోంచి కదలడు. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది గుర్తుందా, ఆ రోజు ఒహాయోలో ఒక కరెంటు సంస్థ కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ చప్పుడు చేయకుండా ఆగిపోయింది, అది ఆగిపోయిందని ఆపరేటర్లకి గంటకి పైగా తెలీలేదు. లైన్లు ఒకదాని తర్వాత ఒకటి పడిపోతుంటే వాళ్ల స్క్రీన్ మాత్రం ప్రశాంతంగా ఉంది. 2005 డిసెంబర్‌లో మిస్సోరిలో టామ్ సాక్ రిజర్వాయర్ గోడ తెగిపోవడం కూడా అలాంటిదే, లెవెల్ చూసే సెన్సర్ల పైపులు పట్టు వదిలి జరిగిపోయి ఉన్న నీళ్ల కంటే తక్కువ చూపించాయి, పంపులు నింపుతూనే పోయాయి, నీళ్లు గోడ మీంచి పొర్లాయి. రెండూ రేడియో గొడవలు కాదు, ఒప్పుకుంటా. కానీ జబ్బు అదే.

మామూలు జనానికి దీనివల్ల ఏమవుతుందో వరసగా చెప్తా.

1. నీళ్లు. ట్యాంకు ఖాళీ అయితే నల్లా ఆగుతుంది, అది అందరికీ తెలుసు. తెలియనిది ఏంటంటే పైపుల్లో ప్రెషర్ పడిపోయినప్పుడు ఎక్కడ లీకు ఉందో అక్కడి నుంచి బయటి మురికి లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు మళ్లీ వచ్చాక ఆ మొదటి బిందె ఎవరింట్లో పడుతుందో వాళ్లకి జ్వరమో విరోచనాలో రావచ్చు, దానికీ చచ్చిన రేడియోకీ సంబంధం ఉందని వాళ్లకి ఎవరూ చెప్పరు. డయాలసిస్ చేసే చోట నీళ్లు ఆగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఇంకో వైపు, ట్యాంకు నిండినా నిండలేదని చూపిస్తే శుద్ధి చేసిన నీళ్లు రాత్రంతా కాలవలో పోతాయి, ఆ కరెంటు ఖర్చు కూడా జనం బిల్లులోకే వస్తుంది.

2. డ్రైనేజీ. ఇదింకా దారుణం. పంపింగ్ స్టేషన్‌లో పంపు ట్రిప్ అయి ఆ కబురు రాకపోతే మురుగు వెనక్కి తంతుంది, పల్లంలో ఉన్న ఇళ్లలో బాత్రూమ్ తూముల్లోంచి పైకి వస్తుంది. పల్లంలో ఉండేది ఎవరో మీకు తెలుసు.

3. కరెంటు. ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఏరియాకి కరెంటు తెచ్చే లైను, ఎక్కడ పడిపోయిందో దూరం నుంచి తెలిస్తే అరగంటలో లైన్ మారుస్తారు. తెలియకపోతే లైన్‌మన్ చీకట్లో వానలో పోల్ పోల్‌కీ తిరగాలి. ఇక్కడ ఇంకో తమాషా ఉంది, ఈ ఆర్టీయూలకి కరెంటు పోయినప్పుడు పనిచేయడానికే బ్యాటరీ పెడతాం, కానీ ఆ బ్యాటరీని ఎవరూ చూడరు కాబట్టి కరెంటు పోయిన ఐదు నిమిషాలకి అదీ పోతుంది. అంటే అవసరం లేనప్పుడు బ్రహ్మాండంగా పనిచేసి, అవసరమైన ఆ ఒక్క రాత్రి చేతులెత్తేస్తుంది.

4. బిల్లులు. మీటర్ల మీద ఉండే చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్లు కూడా ఈ లెక్కలోవే. లోపల లిథియం బ్యాటరీ, పది ఇరవై ఏళ్లు వస్తుందని చెప్పి అమ్ముతారు. అది మధ్యలో పోతే రీడింగ్ రాదు, మీవాళ్లు అంచనా బిల్లు వేస్తారు, అది నెలల తరబడి నడుస్తుంది, ఆ తర్వాత ఒక రోజు అసలు రీడింగ్ తీసి తేడా మొత్తం ఒకేసారి కట్టమంటారు. మెషిన్ మీది, తప్పు మీది, ఆఫీసు చుట్టూ తిరిగేది మాత్రం ఆ ఇంటావిడ.

5. మా లాంటి ఫీల్డ్ స్టాఫ్. స్టేషన్ మాట్లాడకపోతే అర్ధరాత్రి మనిషిని పంపిస్తారు, ఒంటరిగా, పోల్ ఎక్కడానికి. ఎవరికీ పట్టని లైను కాబట్టి ఒక్క మాటతో వదిలేస్తున్నా.

6. భద్రత. 2000లో ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లోని మారూచీ షైర్‌లో జరిగింది మీ ఇంజినీర్లని అడగండి. అక్కడ 142 డ్రైనేజీ పంపింగ్ స్టేషన్లు రేడియోతో నడిచేవి. ఆ సిస్టమ్ పెట్టిన కాంట్రాక్టు కంపెనీలో పనిచేసి మానేసిన ఒకతను కార్లో రేడియో, లాప్‌టాప్ పెట్టుకుని తిరుగుతూ ఆ స్టేషన్లకి సొంతంగా కమాండ్లు పంపాడు, దాదాపు 8 లక్షల లీటర్ల మురుగు పార్కుల్లోకి, వాగుల్లోకి పోయింది. దొరికేలోపు చాలాకాలం అందరూ ఏమనుకున్నారో తెలుసా, ఎక్విప్‌మెంట్ ఏదో సతాయిస్తోంది అనుకున్నారు. ఎందుకంటే సతాయించడం మామూలైపోయింది కాబట్టి. ఈ పెట్టెలు మాట్లాడుకునే మోడ్‌బస్ అనే భాష 1979ది, అందులో పాస్‌వర్డ్ అనే ఆలోచనే లేదు, ఎవరు పిలిచినా పలుకుతుంది. పాత రేడియోల మీద ఈ రోజుకీ అదే భాష గాల్లో తెరిచిన పుస్తకంలా పోతోంది.

ఇవి ఎందుకు పాడవుతాయో కూడా చెప్పాలి, ఎందుకంటే "పాతవి, ఏం చేస్తాం" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. సగం జబ్బులు వయసువి కావు, నిర్లక్ష్యానివి. యాంటెన్నా కేబుల్ కనెక్టర్ మీద టేప్ ఎండిపోయి నీళ్లు దిగుతాయి, పవర్ సగం కేబుల్లోనే పోతుంది. నేను కనెక్టర్ విప్పితే చెంచాడు నీళ్లు కారిన సందర్భాలు లెక్కలేదు. పదేళ్ల కింద మొక్కగా ఉన్న చెట్టు ఇప్పుడు యాంటెన్నాకి ఎదురుగా నిలబడింది, ఆకులు దట్టంగా ఉన్న నెలల్లో సిగ్నల్ పోతుంది, ఆకులు రాలాక వస్తుంది, అప్పటికి ఎవరో రేడియో మార్చేసి తనవల్లే బాగైందనుకుంటారు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండాల్సింది 25 డిగ్రీల్లో, ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగం అవుతుంది, ఎండలో నిలబెట్టిన ఇనప పెట్టెలో ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూడండి. పవర్ సప్లైలో కెపాసిటర్లదీ అదే లెక్క, ఎండిపోతాయి.

వయసు జబ్బులు వేరే ఉన్నాయి, వాటికి మందు లేదు. రేడియోలో ఫ్రీక్వెన్సీని నిలబెట్టే క్రిస్టల్ ముసలిదై ఆ ఫ్రీక్వెన్సీ మెల్లగా జరిగిపోతుంది. ట్రాన్స్‌మిటర్ లేవడానికి పట్టే టైమ్ పెరుగుతుంది, దాంతో జవాబులో మొదటి అక్షరాలు తెగిపోతాయి, మాస్టర్ దాన్ని చెత్తగా లెక్కేసి మళ్లీ అడుగుతుంది. ఒక చిన్న లెక్క చెప్తా. 80 స్టేషన్లు, ఒక్కోదానికి 2 సెకన్లు అనుకోండి, రౌండ్ 2 నిమిషాల 40 సెకన్లలో అయిపోతుంది. అందులో 10 పలకడం మానేశాయి, ఒక్కోదాన్ని 3 సెకన్ల చొప్పున నాలుగుసార్లు పిలిచి వదిలేస్తే రౌండ్ 4 నిమిషాల 20 సెకన్లు అవుతుంది. అంటే చచ్చిన స్టేషన్లు బతికున్న స్టేషన్లని కూడా ఆలస్యం చేస్తాయి, మంచి ట్యాంకు రీడింగ్ కూడా పాచిపోయి వస్తుంది. ఆర్టీయూ బోర్డు మీద ఒక చిన్న బిళ్ల బ్యాటరీ ఉంటుంది, చాలా పాత మోడల్స్‌లో సెట్టింగులన్నీ దాని మీదే బతుకుతాయి, అది అయిపోయాక ఒక్కసారి కరెంటు పోతే పెట్టెకి తన పేరు కూడా గుర్తుండదు. తిరిగి చెప్పాలంటే ఆ సాఫ్ట్‌వేర్ విండోస్ కంటే ముందు నాటి డాస్‌లో నడిచేది, సీరియల్ పోర్టున్న లాప్‌టాప్ కావాలి. మా దగ్గర అలాంటిది ఒక్కటే ఉంది, దాని హింజ్ విరిగితే తాడుతో కట్టాం. ఆ తాడు కట్టిన లాప్‌టాప్ మీద ఎన్ని వేల ఇళ్ల నీళ్లు ఆధారపడి ఉన్నాయో మీ ఏ రిపోర్టులోనూ ఉండదు.

"అయితే అన్నీ తీసేసి సిమ్ కార్డు మోడెమ్‌లు పెట్టేద్దాం" అని కన్సల్టెంట్లు వస్తారు. ఆగండి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. మొబైల్ నెట్‌వర్క్ మీది కాదు, దాన్ని ఎప్పుడు ఆపాలో మీరు చెప్పలేరు. అమెరికాలో ఏటీ అండ్ టీ తన 2జీని 2016 ఆఖరుకి ఆపేసింది, 3జీని 2022 ఫిబ్రవరిలో ఆపేసింది. ఆస్ట్రేలియాలో మిగిలిన 3జీ 2024 అక్టోబర్ ఆఖర్లో మొదలుపెట్టి ఆపేశారు. 2జీ మోడెమ్ పెట్టినవాళ్లు 3జీకి మారి, అది మళ్లీ పోయి మూడోసారి పెట్టెలు మార్చుకున్నారు, ఈ లోపల ఆ పక్కనున్న ఇరవై ఏళ్ల నాటి సొంత రేడియో నడుస్తూనే ఉంది. పైగా పెద్ద తుఫానులో కరెంటు పోతే చాలా మొబైల్ టవర్ల బ్యాటరీ కొన్ని గంటలకే అయిపోతుంది, మీకు ట్యాంకు లెవెల్ కావాల్సింది సరిగ్గా ఆ గంటల తర్వాతే. అలాగని రేడియో అంటే శాశ్వతం అనీ అనుకోవద్దు, అమెరికాలో 2013 జనవరి 1కల్లా కొన్ని బ్యాండ్లలో 25 కిలోహెర్ట్జ్ వెడల్పున్న రేడియో చానెళ్లని 12.5కి తగ్గించుకోమన్నారు, తగ్గించుకోలేని పాత రేడియోలు ఆ ఒక్క రూల్‌తో పక్కకెళ్లాయి. సొంత రేడియో కావాలా, మొబైల్ కావాలా, శాటిలైట్ కావాలా అనేది స్టేషన్‌ని బట్టి తేల్చాలి, బ్రోషర్ని బట్టి కాదు.

మా డిమాండ్లు ఇవి. ఖర్చు తక్కువైనవి ముందు పెట్టాను, డబ్బుల్లేవు అనకుండా.

1. ప్రతి రీడింగ్ పక్కన అది ఎంత పాతదో చూపించండి. మూడు రౌండ్లు జవాబు రాకపోతే ఆ అంకె బూడిద రంగులోకి మారి మీద గీత పడాలి. దీనికి ఒక్క రేడియో కూడా కొనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని చేసే పని. ఈ లేఖలో ఒక్కటే చేస్తాను అంటే ఇదే చేయండి.

2. ఆపేసిన అలారాలన్నీ బయటికి తీయండి. ఏది, ఎవరు, ఎప్పుడు, ఎందుకు ఆపారో రాసి సంతకం పెట్టాలి, గడువు దాటితే దానంతట అదే తిరిగి మొదలవ్వాలి.

3. ప్రతి స్టేషన్‌కి ఒక పేజీ రాయించండి. రేడియో ఏ సంవత్సరంది, స్పేర్ ఉందా, బ్యాటరీ ఎప్పుడు మార్చారు, సిగ్నల్ బలం ఎంత, ఫ్రీక్వెన్సీ లైసెన్స్ ఎప్పటిదాకా ఉంది, దాన్ని ప్రోగ్రామ్ చేయడం తెలిసినవాళ్లు ఎవరు. లొకేషన్లు, ఫ్రీక్వెన్సీలు బయట పెట్టమని అడగట్లేదు, అది ప్రమాదం. కానీ మొత్తం ఎన్ని స్టేషన్లు, అందులో నిన్న ఎన్ని పలికాయి అనే రెండు అంకెలు జనానికి నెలనెలా చెప్పండి.

4. ఏడాదికోసారి మనిషి వెళ్లాలి. వాట్‌మీటర్ పెట్టి యాంటెన్నాకి వెళ్లే పవర్, అక్కడి నుంచి వెనక్కొచ్చే పవర్ చూడాలి, బ్యాటరీకి లోడ్ టెస్ట్ చేయాలి, కనెక్టర్ టేప్ మార్చాలి, కొమ్మలు కొట్టాలి. వోల్ట్‌మీటర్ పెట్టి 12 చూపించింది కాబట్టి బ్యాటరీ ఓకే అని రాసే చెక్‌లిస్ట్ చించేయండి, లోడ్ పడితే గానీ ఆ బ్యాటరీ సంగతి తెలీదు.

5. రేడియో చచ్చినా ట్యాంకు పొర్లకూడదు. ఫ్లోట్ స్విచ్ పెట్టి పంపు దానంతట అదే ఆగేలా, మురుగు పంపు దానంతట అదే మొదలయ్యేలా అక్కడికక్కడే ఏర్పాటు ఉండాలి. చాలాచోట్ల ఇది ఒకప్పుడు ఉండేది, స్కాడా, అంటే అన్నీ కంట్రోల్ రూమ్ నుంచే చూసి నడిపే కంప్యూటర్ సిస్టమ్, వచ్చాక ఎందుకులే అని వైర్లు పీకేశారు.

6. మార్చేటప్పుడు వరస సరిగ్గా పెట్టండి. రోడ్డు పక్కనున్నవి, ఫోటో దిగడానికి బాగుండేవి ముందు మారుస్తున్నారు. పోతే ఎక్కువమందికి దెబ్బ తగిలేవి, స్పేర్ లేనివి ముందు మార్చాలి, అవి గుట్ట మీదున్నా సరే. పాతది, కొత్తది ఏడాది పాటు పక్కపక్కన నడవాలి, వాన, ఎండ, ఆకులు అన్నీ చూశాకే పాతది విప్పాలి. విప్పిన మంచి పార్టులు తుక్కుకి అమ్మొద్దు, మిగతా పాత స్టేషన్లు ఇంకో ఐదేళ్లు వాటితోనే బతకాలి.

7. టెండర్లో ఇవి రాయండి: నెట్‌వర్క్ ఆగిపోతే మోడెమ్ ఎవరి ఖర్చుతో మారుస్తారు, ముఖ్యమైన స్టేషన్లకి రెండు దారులు ఉండాలి, కమాండ్ ఎవరు పంపారో సరిచూసుకునే ఏర్పాటు ఉండాలి, ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్, కేబుల్, పాస్‌వర్డ్‌లు సంస్థ చేతికి రావాలి. ఒకే కంపెనీ భాష మాట్లాడే పెట్టె ఎంత చవగ్గా వచ్చినా వద్దు, ఈ రోజు మనం పడుతున్న బాధ అప్పట్లో చవగ్గా వచ్చినదాని వల్లే.

8. అంచనా బిల్లు రెండుసార్లకి మించి వేయొద్దు. మూడోసారి మనిషి వెళ్లి మీటర్ చూడాలి. తేడా కట్టమనేటప్పుడు మీ రేడియో చెడిన కాలానికి వడ్డీ, జరిమానా అడగొద్దు, వాయిదాలు ఇవ్వండి.

9. మనుషులు. ఇది తొమ్మిదోది కాదు, నిజానికి మొదటిది. ఈ రేడియోలు తెలిసినవాళ్లు ఒక్కొక్కరే రిటైర్ అయిపోతున్నారు, కొత్తవాళ్లని చేర్చుకోవట్లేదు, చేర్చుకున్నా కాంట్రాక్టు మీద ఏడాదికి ఒకర్ని మారుస్తున్నారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు. ఒక్కో పాత మనిషి వెంట ఇద్దరు కుర్రాళ్లని ఆరు నెలలు తిప్పండి.

ఈ తొమ్మిదింటికీ ముప్పై రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. "పరిశీలనలో ఉంది" అనేది జవాబు కిందికి రాదు. ఏది చేస్తారు, ఎప్పటికి చేస్తారు, ఏది చేయలేరు, ఎందుకు చేయలేరు, ఈ నాలుగూ రాయండి. చేయలేమని రాసినా ఫర్వాలేదు, అప్పుడు కనీసం ఆ ట్యాంకు కింద ఉండేవాళ్లు రెండు బిందెలు ఎక్కువ పట్టుకుంటారు.

నాకు ఇంకో పద్నాలుగు నెలలే సర్వీసుంది. ఏ స్టేషన్ యాంటెన్నా ఎటు తిరిగి ఉండాలి, ఏ రేడియోకి ఎంత పవర్ పెట్టాలి, ఏ పెట్టె తలుపు తీయగానే కందిరీగలుంటాయి, ఇవన్నీ రాసుకున్న నోట్‌బుక్ ఒకటి నా దగ్గరుంది, అట్ట ఊడిపోయింది గానీ అక్షరాలు కనపడుతున్నాయి. దాన్ని ఎవరికి ఇవ్వాలో మీరు మనిషి పేరు చెప్పండి, నేనే తీసుకొచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక టెలిమెట్రీ టెక్నీషియన్